సింగపూర్‌లో పేటకో మ్యూజియం: ఏది చూడాలి, ఎక్కడ ఉండాలి

సింగపూర్‌లో మ్యూజియాలు చూడాలనుకునేవాళ్ళు బయల్దేరేముందు 1822 నాటి ఊరి పటం ఒకటి ఫోన్‌లో దించుకుంటే మంచిది. ఇక్కడ ఇంగ్లీషువాళ్ళ రేవు పెట్టిన రాఫెల్స్ చెప్పినట్టుగా లెఫ్టినెంట్ జాక్సన్ అనే ఇంజనీరు గీసిన నక్ష అది. నదికి ఉత్తరాన తెల్లవాళ్ళ పేట. దాన్ని దాటితే సుల్తాన్‌కీ, అరబ్బులకీ, సులవేసి దీవివాళ్ళైన బుగిస్ ఓడవర్తకులకీ కాంపోంగ్ గ్లామ్. నదికి దక్షిణాన చైనావాళ్ళ పేట. ఏటి ఎగువన మన దక్షిణాది తీరం నుంచి వచ్చినవాళ్ళకి చూలియా పేట. 1819లో ఇంగ్లీషువాళ్ళు దిగారు. నాలుగేళ్ళు తిరగకుండానే ఏ జాతివాడు ఏ వీధిలో ఉండాలో కాగితం మీద తేల్చేశారు.

ఊరు ఆ తర్వాత ఆకాశమంత ఎదిగింది గానీ ఆ గీతలు పూర్తిగా చెరిగిపోలేదు. ఈనాటికీ అక్కడి ప్రభుత్వ లెక్కల్లో మనిషి చైనీస్, మలయ్, ఇండియన్, ఇతరులు అనే నాలుగు గళ్ళలో ఒకదాంట్లో పడాల్సిందే. మ్యూజియాలూ అలాగే వెలిశాయి. చైనాటౌన్‌లో చైనీస్ వాళ్ళది, కాంపోంగ్ గ్లామ్‌లో మలయ్ వాళ్ళది, లిటిల్ ఇండియాలో మనది. అన్నీ శ్రద్ధగా కట్టినవే. అయినా తిరిగాక నాకు తేలిందేమిటంటే, ఈ గళ్ళలో ఇమడనివాళ్ళ గురించి చెప్పే చోట్లే అన్నిటికన్నా బాగున్నాయి. కాలం తక్కువున్నవాళ్ళు వాటితోనే మొదలుపెట్టండి.

మాది కాకినాడ. అమ్మతో కలిసి వెళ్ళాను. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మాల్స్ అంటే విసుగు, పాత సామాన్లంటే మాత్రం ప్రాణం. కాబట్టి నేను రాసేదంతా లిఫ్టుందా, కూర్చోడానికి బల్లుందా, కాఫీ దొరుకుతుందా అని చూసుకుంటూ తిరిగిన మనిషి లెక్క. కుర్రాళ్ళు దానికి తగ్గట్టు సరిచూసుకోవచ్చు.

ముందు బస సంగతి. ఎవరైనా మొదట అడిగేది అదే. మనవాళ్ళు సాధారణంగా లిటిల్ ఇండియాలో దిగుతారు. మేమూ అక్కడే దిగాం. తిండికి లోటుండదు, అర్ధరాత్రి పెరుగు ప్యాకెట్టు కావాలన్నా దొరుకుతుంది, ఎమ్మార్టీ (మెట్రో రైలు) స్టేషన్ నడిచే దూరంలోనే ఉంటుంది. చిక్కల్లా గదులతోనే. అక్కడి చవక హోటళ్ళు చాలావరకు పాత షాప్‌హౌస్‌లలో ఉంటాయి. కింద కొట్టు, పైన ఇల్లు ఉండే ఇరుకైన పొడుగాటి కట్టడాలవి. మెట్లు నిటారుగా ఉంటాయి. లిఫ్టు ఉందో లేదో బుక్ చేసేముందే అడిగి రాయించుకోండి. ఇంకోటి కిటికీ. సింగపూర్‌లో కిటికీ లేని గది అనేది ఒక రకం, వెబ్‌సైట్లో అడుగున చిన్న అక్షరాల్లో ఆ మాట రాసే ఉంటుంది. మేం దిగిన గదికీ కిటికీ లేదు. ఏసీ బాగానే ఉంది, దుప్పట్లు తెల్లగా ఉన్నాయి, కౌంటర్‌లో కుర్రాడు మర్యాదస్తుడు. కానీ పొద్దున లేచి తెల్లారిందో లేదో ఫోన్‌లో చూసుకోవాలి. "ఇదేమిటే, గాదెలో పడుకున్నట్టుంది" అంది అమ్మ.

ఆ తర్వాత బెంకూలెన్ వీధి వైపు మారాం. గది అగ్గిపెట్టంతే. కిటికీ ఉంది, లిఫ్టుంది, అద్దె దాదాపు ఒకటిన్నర రెట్లు. ఆ తేడా గిట్టుబాటే అనిపించింది. ఎందుకంటే నేషనల్ మ్యూజియం, పెరనకన్ మ్యూజియం, వాటర్లూ వీధి కోవెలలు అక్కణ్ణుంచి నడకే. మధ్యాహ్నం ఎండకి అమ్మని గదికి తీసుకొచ్చి, గంటసేపు నడుం వాల్చనిచ్చి మళ్ళీ వెళ్ళేవాళ్ళం. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు ఇంతకన్నా పెద్ద సదుపాయం ఉండదు. తిండి కోసం లిటిల్ ఇండియాకి రైల్లో వెళ్ళడం సులువే. తిండి కోసమని రోజంతా అక్కడే ఉండనక్కర్లేదు.

రాకపోకలకి విడిగా కార్డు కొనకుండా మన బ్యాంకు కార్డే గేటు దగ్గర తాకించి వెళ్ళిపోయాం. విదేశీ కార్డయితే వాడిన రోజుకి కొద్దిపాటి రుసుము పడుతుంది. బస్సు నేలకి దగ్గరగా వంగి ఆగుతుంది, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి రైలుకన్నా అదే నయం. స్టేషన్లన్నిటిలో లిఫ్టులున్నాయి గానీ, లైను మారాల్సిన చోట భూమి లోపల నడక ఎక్కువ. వీలైనంతవరకు లైన్లు మారకండి.

ఇక మ్యూజియాలు. ఇండియన్ హెరిటేజ్ సెంటర్ లిటిల్ ఇండియాలో క్యాంప్‌బెల్ లేన్‌లో ఉంది. 2015 మే నెలలో తెరిచారు. నాలుగంతస్తుల భవనం, మన మెట్లబావిని మనసులో పెట్టుకుని గీసిన నమూనా. పగలు చూస్తే ముందుభాగం గాజుపలకల గోడ, అంతే. చీకటి పడ్డాక లోపల దీపాలు వెలిగిస్తే వెనకున్న బొమ్మలన్నీ బయటికి కనిపిస్తాయి. కాబట్టి సాయంత్రం ఒకసారి ఆ వీధిన నడవండి, దానికి టిక్కెట్టు అక్కర్లేదు. ప్రదర్శన పై అంతస్తులో మొదలై కిందికి వస్తుంది. లిఫ్టులో ఎక్కి నిదానంగా దిగడమే, అమ్మకి ఇది బాగా నచ్చింది.

అక్కడ ఒక్క వస్తువు దగ్గరే ఆగాలంటే చెట్టినాడు వాకిలి దగ్గర ఆగండి. పంతొమ్మిదో శతాబ్దపు కర్ర ద్వారబంధం. దాని మీద ఐదువేల చిన్న చిన్న చెక్కడాలున్నాయంటారు. నేను లెక్కపెట్టలేదు గానీ, గడప మీంచి పైకి చూస్తూపోతే వేలెడంత దేవతలు, ఏనుగులు, లతలు, మళ్ళీ ఆ లతల్లో దూరిన చిలకలు. వడ్డీవ్యాపారం చేసే చెట్టియార్లు బర్మాలోనూ మలయాలోనూ సంపాదించిన డబ్బు ఊళ్ళో ఇలాంటి వాకిళ్ళుగా మారింది. ఆ వాకిళ్ళలో ఒకటి మళ్ళీ సముద్రం దాటి ఇక్కడికి చేరింది. వాకిలి ముందు బల్ల లేదు, నిలబడే చూడాలి.

ఆ తర్వాత వలసల గది. కంగాణీ పద్ధతిలో, అంటే తోట మేస్త్రీనే సొంతూరికి పంపి, కూలీలని పోగేసి రబ్బరు తోటలకి ఎలా తెచ్చారో, ఖైదీలని తెచ్చి రోడ్లూ భవనాలూ ఎలా కట్టించారో ఉంటుంది. అమ్మకి ఇంగ్లీషు బోర్డులు చదివి చెబుతుంటే, "అంతా రంగం కథలాగే ఉంది" అంది. గోదావరి జిల్లాల్లో రంగం అంటే రంగూన్. మా తాతమ్మ బంధువొకాయన కాకినాడలో స్టీమరెక్కి రంగం పోయి, యుద్ధం వస్తే కాలినడకన తిరిగొచ్చాడట. ఇంట్లో ఆ కథ చాలాసార్లు విన్నాను. విశాఖ, గోదావరి తీరాల నుంచి బర్మాకే కాదు, మలయా తోటలకీ మనవాళ్ళు వెళ్ళారు. మలేషియాలోని పెరాక్ రాష్ట్రంలో బాగన్ దాతో వైపు తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. అయితే ఈ మ్యూజియంలో తెలుగు కోసమే వెతికితే నా కంటికి ఎక్కువ ఆనలేదు. ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. సింగపూర్ భారతీయుల్లో పెద్ద వాటా తమిళులది, అక్కడ తమిళం అధికార భాష కూడాను. కానీ "ఇండియన్" అనే గడి ఎంత వెడల్పో, అందులో ఎంతమంది ఇరుక్కుని కూర్చోవాలో ఇక్కడే అర్థమవుతుంది. గుజరాతీ వర్తకులు, సిక్కు పోలీసులు, సింధీ బట్టల కొట్లవాళ్ళు, మలయాళీ గుమాస్తాలు అందరూ ఆ గడిలోవాళ్ళే.

చివరి గదుల్లో నేతాజీ ఉంటారు. 1943 అక్టోబర్ 21న ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ఆయన ప్రకటించింది ఈ ఊళ్ళోనే. ఆయన సైన్యంలోని ఝాన్సీ రాణి దళంలో చేరిన ఆడపిల్లల్లో చాలామంది ఇండియాని కళ్ళతో చూడనివాళ్ళు, తోటల్లో పుట్టి పెరిగినవాళ్ళు. ఆ ఫొటోల ముందు మాత్రం తొందరపడకండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చినదాని దగ్గరికొస్తాను. ఆర్మేనియన్ వీధిలో పెరనకన్ మ్యూజియం. 1912లో తావ్ నాన్ బడి కోసం కట్టిన భవనం. 2008లో పెరనకన్ మ్యూజియం అయింది, కొన్నేళ్ళు మూసి మరమ్మతులు చేసి 2023 ఫిబ్రవరిలో మళ్ళీ తెరిచారు. పెరనకన్లంటే బయటినుంచి వచ్చిన వర్తకులకీ స్థానిక స్త్రీలకీ పుట్టిన సంతతివాళ్ళు. చైనా మూలాలవాళ్ళు ఎక్కువ. వాళ్ళ మగవాళ్ళని బాబా అనీ ఆడవాళ్ళని న్యోన్యా అనీ అంటారు. వాళ్ళతో ఐపోలేదు. దక్షిణాది ముస్లింలకీ మలయ్ స్త్రీలకీ పుట్టిన జావీ పెరనకన్లు ఉన్నారు. మలక్కా చిట్టీలు ఉన్నారు. కోరమాండల్ తీరం నుంచి ఇప్పటి మలేషియాలోని మలక్కా రేవుకి వెళ్ళి శతాబ్దాల కిందటే స్థిరపడ్డ హిందూ వర్తకుల వంశాలు వీళ్ళవి. ఇంట్లో మాట్లాడేది మలయ్, ఆడవాళ్ళు కట్టేది సారోంగ్ కెబాయా (లుంగీలాంటి బట్ట, పైన రవికలాంటి చొక్కా), మొక్కేది వినాయకుడికీ మారియమ్మకీ. భోగి నాడు పెద్దలకి విస్తరి వేస్తారు, వంటల్లో మలయ్ రుచి. పటం గీసిన జాక్సన్ వీళ్ళని ఏ పేటలో పెట్టేవాడో మరి.

మూడంతస్తులు: మూలాలు, ఇల్లు, అలంకారం. "ఇల్లు" అనే అంతస్తులో మేం సగం పూట గడిపాం. పెళ్ళి మంచం ఒకటుంది, పెనాంగ్‌ది. బంగారు పూత పూసిన చెక్కడాలు, పట్టు తెరలు, నాలుగు వైపులా వేలాడే కుట్టుపని జాలర్లు. వాళ్ళ పెళ్ళి పూర్వం పన్నెండు రోజులు జరిగేదట. గులాబీ, లేతాకుపచ్చ రంగుల పింగాణీ గిన్నెలు అల్మారాల నిండా. చైనాలో చేయించి తెప్పించుకున్నారు, రంగులు మాత్రం వీళ్ళకి నచ్చినవి. పూసల బల్లగుడ్డ ఒకటుంది. పది లక్షలకు పైగా గాజుపూసలతో అల్లిన పక్షులూ పూలూ. దగ్గరికెళ్ళి చూస్తే పూస ఆవగింజకన్నా చిన్నది. ఇన్ని పూసలు గుచ్చిన కళ్ళు తర్వాత ఏమయ్యాయో అనిపించింది.

వెండి తాంబూలం పెట్టె దగ్గర అమ్మ ఆగిపోయింది. పెట్టెలో చిన్న చిన్న గిన్నెలు. సున్నానికొకటి, వక్కలకొకటి, కాచుకొకటి, ఆకులు నిలబెట్టడానికి వంపు తిరిగిన డొప్ప లాంటిదొకటి. పక్కన ఇనుప అడకత్తెర. "అడకత్తెరే!" అని అమ్మ గట్టిగానే అంది. మూల కూర్చున్న కాపలా ఆవిడ, మలయ్ ఆవిడ, నవ్వి లేచొచ్చి మలయ్ భాషలో దాని పేరు చెప్పింది. అమ్మ దాని తెలుగు పేరు చెప్పింది. తర్వాత ఇద్దరూ చేతుల్తో వక్క కత్తిరించి, ఈనె తీసి, సున్నం రాసి, ఆకు మడిచి చూపించుకున్నారు. ఆవిడ మడత వేరు, మనలా త్రికోణం కాదు. నేను ఫోన్‌లో అనువాదం యాప్ తెరిచేలోపు వాళ్ళ మాటలైపోయాయి. పెళ్ళి పిలుపు దగ్గర్నుంచి పంచాయతీ దాకా తాంబూలంతోనే మొదలయ్యేదని అక్కడ బోర్డు మీద రాసుంది. మన దగ్గర మాత్రం వేరే ఏముంది.

పైన "అలంకారం" అంతస్తులో చీరె మీద మనసున్నవాళ్ళు జాగ్రత్త, బయటికి రాలేరు. బాటిక్ సారోంగ్‌లు, అల్లికలాంటి కుట్టుపనితో కెబాయాలు, పూసల చెప్పులు. పెళ్ళికూతురు తన పనితనం చూపించడానికి ఆ చెప్పులు తనే కుట్టేదట. బాటిక్‌కన్నా ముందు, దానితో పాటూ, మలయ్ తీరమంతా కోరమాండల్ అద్దకం బట్టలు కట్టింది. మన మచిలీపట్నం ఆ వ్యాపారంలో పెద్ద రేవు. కలంకారీ ఇంట్లో ఉన్నవాళ్ళు ఆ పువ్వుల తీగలు చూడగానే గుర్తుపడతారు.

పనివాళ్ళ సంగతి చెప్పాలి. అక్కడ వాలంటీర్లు ఉచితంగా తిప్పి చూపిస్తారు. వేళలు వెబ్‌సైట్లో ఉంటాయి, టిక్కెట్టుతోనే సరి. మాకు దొరికిన ఆవిడ అమ్మ కోసం నిదానంగా నడిచింది, మడతకుర్చీ కావాలా అని అడిగింది. ఏసీ మాత్రం చలి పుట్టిస్తుంది, శాలువా మర్చిపోకండి.

బయటికొచ్చాక నాలుగడుగుల్లో ఆర్మేనియన్ చర్చి, 1835 నాటిది. ఆర్మేనియన్లు ఈ ఊళ్ళో ఎప్పుడూ పిడికెడు మందే. కానీ సింగపూర్ జాతీయ పుష్పమైన ఆర్కిడ్‌కి ఆగ్నెస్ జోక్విమ్ అనే ఆర్మేనియన్ ఆడపడుచు పేరే ఉంది. ఆమె సమాధి రాయి ఆ చర్చి తోటలోనే ఉంది. "ఇతరులు" అనే గడిలో పడేవాళ్ళ నుంచి దేశానికి పువ్వు దొరికింది. ప్రవేశం ఉచితం, చెట్ల నీడ ఉంది, జనం ఉండరు.

నేషనల్ మ్యూజియం గురించి క్లుప్తంగా. 1887 నాటి తెల్లటి గోపురం భవనం, దేశంలో అన్నిటికన్నా పాత మ్యూజియం. 2023లో విడతలవారీ మరమ్మతులు మొదలుపెట్టారు కాబట్టి ఏ గదులు తెరిచి ఉన్నాయో చూసుకుని టిక్కెట్టు తీయండి. సింగపూర్ శిల ముక్క అక్కడే. నది ముఖద్వారంలో శాసనం చెక్కిన పెద్ద బండ ఉండేది, 1843లో దారి వెడల్పు చేయడానికి మందుగుండు పెట్టి పేల్చేశారు. మిగిలిన ముక్క మీది లిపిని ఇప్పటికీ ఎవరూ చదవలేకపోయారు. శాసనాలంటే ఇష్టమున్నవాళ్ళకి కడుపు తరుక్కుపోతుంది. పక్కనే ఫోర్ట్ కానింగ్ గుట్ట మీద 1928లో దొరికిన పద్నాలుగో శతాబ్దపు బంగారు దండకడియం, దాని మీద కాలముఖం. మన గుడి తోరణాల మీద కనిపించే ముఖమే. రాఫెల్స్ రాకముందు ఇది ఖాళీ చేపల రేవనే కథకి ఆ కడియం ఒక్కటి చాలు జవాబు చెప్పడానికి. జపాన్ ఏలుబడి కాలం, 1942 నుంచి 45 దాకా, చూపించిన గదులు బరువుగా ఉంటాయి. చిన్నపిల్లలతో వెళ్తే అక్కడ త్వరగా నడవండి.

మధ్యలో తిండి మాట. సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్‌లో దోసె బాగుంది, కాఫీ ఇంకా బాగుంది. శాకాహారులకి పెరనకన్ భోజనం కష్టం. కూరగాయల పులుసులో కూడా ఎండురొయ్య పడుతుంది, అడగకుండా తినకండి. మిఠాయిలు మాత్రం తినొచ్చు. ఒండే ఒండే అని ఒకటుంది, ఆకుపచ్చటి ఉండ్రాయి లోపల బెల్లం పాకం పోసి పైన పచ్చికొబ్బరి దొర్లించినట్టుంటుంది. కొరికితే పాకం చిందుతుంది, నోట్లో మొత్తంగా వేసుకోవాలి. కొళాయి నీళ్ళు నిక్షేపంగా తాగొచ్చు, సీసా పట్టుకెళ్ళండి.

టెలోక్ అయర్ వీధి మ్యూజియం కాదు, కానీ నేను దాన్ని మ్యూజియాల లెక్కలోనే వేస్తాను. ఒకప్పుడు సముద్రం ఆ వీధి అంచుదాకా ఉండేది. ప్రాణాలతో ఒడ్డుకు చేరినవాళ్ళు ముందు దేవుడికి దణ్ణం పెట్టుకునేవాళ్ళు. అందుకే చైనావాళ్ళ సాగరదేవత కోవెల థియాన్ హోక్ కెంగ్, చూలియాల అల్ అబ్రార్ మసీదు, నాగూర్ దర్గా అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. సముద్రాన్ని పూడ్చి భూమి చేశాక ఇప్పుడు ఎదురుగా బ్యాంకుల మేడలు. నాగూర్ దర్గా 1828, 1830ల మధ్య కట్టింది, తమిళనాడు నాగూరులో ఉన్న షాహుల్ హమీద్ దర్గా జ్ఞాపకంగా. కింది భాగంలో ఇంగ్లీషు బంగళా స్తంభాలు, పైన బుల్లి మినార్లు, జల్లెడలాంటి పిట్టగోడ. 2011 నుంచి లోపల భారతీయ ముస్లింల వారసత్వ కేంద్రం నడుస్తోంది. చిన్నది, ఉచితం. మేం వెళ్ళినప్పుడు మేమిద్దరమే. అక్కడున్న పెద్దాయన "ఎక్కణ్ణుంచి?" అని తమిళంలో అడిగితే, కాకినాడ అని చెప్పాం. ఓడల ఊరా అన్నాడు. మా పక్కనున్న పాత ఓడరేవు కోరంగి గురించి చెబుతుంటే శ్రద్ధగా విన్నాడు. ఈ ట్రిప్పులో ఎవరైనా మమ్మల్ని ఎదురు ప్రశ్నలడిగింది అక్కడే.

అదే వీధిలో ఫుక్ తక్ చి అనే చిట్టి మ్యూజియం ఉంది, 1824 నాటి చైనా కోవెల, 1998లో మ్యూజియం చేశారు. దాన్ని దాటుకునే అమోయ్ అనే హోటల్లోకి వెళ్ళాలి. మేం అక్కడ దిగలేదు, తొంగిచూశాం అంతే. ఏదైనా వేడుకకి ఒక రాత్రి చేతికి ఎముక లేకుండా ఖర్చుపెట్టాలనుకునే జంటలు చూసుకోవచ్చు.

చైనాటౌన్ హెరిటేజ్ సెంటర్ పగోడా వీధిలో మూడు పాత షాప్‌హౌస్‌లని కలిపి చేశారు. ఒకప్పటి అద్దెగదులని సామాన్లతో సహా మళ్ళీ కట్టి చూపిస్తారు. మంచమంత గదిలో ఒక కుటుంబం, అందరికీ కలిపి ఒక వంటిల్లు, దర్జీ కొట్టు. ఎర్ర తలగుడ్డ కట్టి ఇటుకలు మోసిన సంసూయి ఆడకూలీల కథ బాగుంటుంది. ఇరుకుదనం చూపించాలని కట్టింది కాబట్టి దారులూ ఇరుకే, మోకాళ్ళవాళ్ళకి శ్రమ. పిల్లలున్నవాళ్ళకి మాత్రం బోర్డులు చదివే పని లేకుండా అర్థమవుతుంది. వీధి చివర 1827 నాటి శ్రీ మారియమ్మన్ కోవెల. పెనాంగ్ నుంచి రాఫెల్స్‌తో వచ్చిన నారాయణ పిళ్ళై మొదలుపెట్టించింది. ఊళ్ళో అన్నిటికన్నా పాత హిందూ కోవెల చైనాటౌన్ నడిబొడ్డున ఉంది, దాని గోపురం వల్లే ఆ వీధికి పగోడా వీధని పేరొచ్చింది.

కాంపోంగ్ గ్లామ్‌లో సుల్తాన్ల పాత కోటలో ఉండే మలయ్ హెరిటేజ్ సెంటర్‌ని 2022 చివర్లో పెద్ద మరమ్మతులకి మూశారు. వెళ్ళేవాళ్ళు తెరిచారో లేదో కనుక్కోండి. మేం సుల్తాన్ మసీదు చూసి వచ్చాం. బంగారు రంగు గుమ్మటం కింద నల్లటి పట్టీలా కనిపించేది గాజుసీసాల అడుగుభాగాలు. డబ్బివ్వలేని పేదలు సీసాలు పోగేసి ఇచ్చారు, వాటిని పేర్చి కట్టారు. కింద నిలబడి పైకి చూస్తే సీసాలని పోల్చుకోవచ్చు.

వాటర్లూ వీధిలో శ్రీ కృష్ణన్ కోవెల, దాని పక్కనే క్వాన్ ఇమ్ చైనీస్ కోవెల. అక్కడ మొక్కుకున్న చైనావాళ్ళు ఇటు తిరిగి కృష్ణుడి ముందు కూడా అగరుకడ్డీలు వెలిగిస్తారు. అమ్మ వాళ్ళ వరుసలోనే నిలబడింది.

ఆదివారం లిటిల్ ఇండియా వేరే ఊరు. నిర్మాణ పనుల్లో ఉన్న కూలీలకి అదొక్కటే సెలవు, వేలల్లో వస్తారు. బెంగాలీ, తమిళం, మధ్యలో మన మాట. పచ్చిక మీద కూర్చుని ఫోన్‌లో మాట్లాడుతున్న కుర్రాణ్ణి అమ్మ "ఏ ఊరు బాబూ" అని అడిగింది. సోంపేట దగ్గరట. "ఏటమ్మా, సూడ్డానికొచ్చినారా?" అన్నాడు. మ్యూజియం బాగుందని అమ్మ చెబితే, "ఇక్కడే కదమ్మా, లోపలికెప్పుడూ ఎల్లలేదు. డబ్బులు పంపడం, బట్టలు కొనుక్కోడం, అంతలోనే పొద్దుపోతది" అన్నాడు. క్యాంప్‌బెల్ లేన్ అక్కణ్ణుంచి కూతవేటు దూరం. వలసల గదిలో మేం చూసిన ఫొటోలకీ అతనికీ మధ్య ఆ కాస్త దూరమే ఉంది. ఆ జనం చూసి కొందరు ఆదివారం అటు వెళ్ళొద్దంటారు. నేనైతే ఆదివారమే వెళ్ళమంటాను, ముందు మ్యూజియం, తర్వాత వీధి. హోటల్ మాత్రం ఆ రోజు అక్కడ వద్దు, రాత్రి పొద్దుపోయేదాకా సందడే.

సోమవారం ఇండియన్ హెరిటేజ్ సెంటర్‌కి సెలవు. విదేశీయులకి దాదాపు అన్నిచోట్లా టిక్కెట్టు ఉంటుంది, అరవై దాటినవాళ్ళకి తగ్గింపు ఉందేమో కౌంటర్‌లో పాస్‌పోర్ట్ చూపించి అడగండి. వీసా కాక ఎరైవల్ కార్డు అనే ఫారం కూడా కావాలి, దాన్ని అక్కడికి చేరడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా నింపొచ్చు, దానికి డబ్బడిగే వెబ్‌సైట్లని నమ్మకండి. ఒక్కరోజే ఉందంటే పొద్దున పెరనకన్ మ్యూజియం, ఆర్మేనియన్ చర్చి నీడలో కాసేపు, ఎండ తగ్గాక టెలోక్ అయర్, దీపాలు పెట్టే వేళకి క్యాంప్‌బెల్ లేన్. రెండో రోజుంటే ఇండియన్ హెరిటేజ్ సెంటర్ లోపలికి వెళ్ళండి. చైనాటౌన్ సెంటర్‌ని పిల్లలు లేనివాళ్ళు వదిలేసినా పెద్ద నష్టం లేదు, మారియమ్మన్ కోవెల వదలకండి.